నర్సింగ్ చదువు ఖర్చు, నర్సు జీతం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన వారం మా ఇంట్లో ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఊళ్లో చుట్టాలు, వాళ్ల పక్కింటివాళ్లు, ఒకప్పుడు నా వార్డులో పనిచేసిన ఆయమ్మ చెల్లెలు, అందరిదీ ఒకటే మాట: "సిస్టర్, మా పిల్లను నర్సింగ్‌ల ఏద్దామనుకుంటున్నం, ఎంతైతది?" ఎంతైతదని అడిగేవాళ్లు పదిమంది ఉంటే, చదివాక చేతికి ఎంతొస్తదని అడిగేవాళ్లు ఇద్దరుంటారు. ఈ రెండు ప్రశ్నలూ కలిపి అడగాలి. నేను జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివి, పదిహేనేళ్లు ప్రైవేటు ఆసుపత్రుల్లో చేసి, ఆ తర్వాత ప్రభుత్వ ఉద్యోగంలోకి వచ్చాను. ఫోన్‌లో పదే పదే చెప్పే సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

ఏఎన్‌ఎం, జీఎన్‌ఎం, బీఎస్సీ: మా అమ్మాయికి ఏది మంచిది?

ఏఎన్‌ఎం రెండేళ్లు, జీఎన్‌ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఏఎన్‌ఎం చేసినవాళ్లు ఎక్కువగా సబ్‌సెంటర్లలో, టీకాలు, గర్భిణుల సంరక్షణ పనుల్లో ఉంటారు. ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు కావాలంటే జీఎన్‌ఎం లేదా బీఎస్సీ చదవాలి. బీఎస్సీకి ఇంటర్ బైపీసీ ఉండాలి.

ప్రైవేటు ఆసుపత్రిలో చేరిన మొదటి రోజు జీఎన్‌ఎం పిల్లకి, బీఎస్సీ పిల్లకి వచ్చే జీతంలో పెద్ద తేడా ఉండదు. ఈ సంగతి కాలేజీ వాళ్లు చెప్పరు. ఒకే వార్డు, ఒకే డ్యూటీ, ఒకే బీపీ మెషీన్. తేడా తర్వాత్తర్వాత తెలుస్తుంది. ఎయిమ్స్ లాంటి కేంద్ర సంస్థల్లో బీఎస్సీ వాళ్లు నేరుగా పరీక్ష రాయొచ్చు, జీఎన్‌ఎం వాళ్లకి రెండేళ్ల అనుభవం కావాలి. ఎమ్మెస్సీ చేసి ట్యూటర్‌గా వెళ్లాలన్నా, కొన్ని దేశాలకు వెళ్లాలన్నా బీఎస్సీయే దారి. జీఎన్‌ఎం చేసినవాళ్లకి రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఉంది. చేతిలో డబ్బు లేని ఇంటికి నేనైతే ప్రభుత్వ స్కూల్లో జీఎన్‌ఎం సీటు వస్తే వదలొద్దంటాను. లక్షలు పోసి మేనేజ్‌మెంట్ కోటాలో బీఎస్సీ చదవడం కన్నా అది నయం.

బీఎస్సీ నర్సింగ్‌కి మొత్తం ఎంతవుతుంది?

సీటు ఏ కోటాలో వచ్చిందనే దాన్ని బట్టి. ప్రభుత్వ కాలేజీలో ఫీజు నామమాత్రం, పైగా నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. ప్రైవేటు కాలేజీల్లో 60 శాతం సీట్లు కన్వీనర్ కోటా, మిగతా 40 శాతం మేనేజ్‌మెంట్ కోటా. కన్వీనర్ సీట్లను తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ, ఆంధ్రలో విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్ పెట్టి నింపుతాయి. ఆ ఫీజు ఎంతో ప్రభుత్వ ఉత్తర్వులో ఉంటుంది. కాలేజీ నోట చెప్పిన మాట నమ్మకుండా ఆ కాగితం చూడండి. దానిమీద "డొనేషన్" అడిగితే అది నేరం. క్యాపిటేషన్ ఫీజును నిషేధించిన చట్టం 1983 నుంచే ఉంది.

ట్యూషన్ ఫీజు పక్కన పెట్టండి, మిగతా ఖర్చు ఎవరూ ముందు చెప్పరు. మా చెల్లెలి కూతురు మొదటి ఏడాది చేరినప్పుడు నేనే వెంట వెళ్లి కొన్నాను: కాలేజీకి రెండు జతల యూనిఫాం, క్లినికల్ పోస్టింగ్‌కి (ఆసుపత్రిలో శిక్షణకి) వేరే రెండు జతలు, నల్ల బూట్లు, ల్యాబ్ కోటు, బీపీ మెషీన్, స్టెతస్కోపు, సెకన్ల ముల్లున్న గడియారం, ప్రొసీజర్ రికార్డులు, అనాటమీ పుస్తకం ఒక్కటే ఇటుకంత. యూనిఫాం బయట కుట్టిస్తామంటే ఒప్పుకోలేదు, వాళ్లు చెప్పిన షాపులోనే తీసుకోవాలన్నారు. ఆ తర్వాత హాస్టల్, మెస్, పోస్టింగులకు కాలేజీ బస్సు, సెమిస్టర్‌కో పరీక్ష ఫీజు. 2021 తర్వాత బీఎస్సీ సెమిస్టర్ పద్ధతిలోకి మారింది కాబట్టి పరీక్ష ఫీజు ఏడాదికి రెండుసార్లు కట్టాలి. మూడో, నాలుగో ఏడాదుల్లో సైకియాట్రీ పోస్టింగ్‌కి వేరే ఊరు తీసుకెళ్తే ఆ ఖర్చూ పిల్లలదే. చివర్న స్టేట్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఫీజు. చేరేముందు "నాలుగేళ్లకీ అన్నీ కలిపి రాసివ్వండి" అని అడగండి. రాసివ్వనంటే ఆ కాలేజీ గురించి అక్కడే సగం తెలిసిపోతుంది.

కాలేజీ మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

బిల్డింగ్ చూడకండి, ఆసుపత్రి చూడండి. నర్సింగ్ కాలేజీకి వంద పడకల సొంత ఆసుపత్రి ఉండాలని నిబంధన. కాగితం మీద వంద పడకలుండి, లోపలికెళ్తే పరుపులకు ప్లాస్టిక్ కవరు కూడా విప్పని ఆసుపత్రులు ఉంటాయి. పొద్దున పదింటికి వెళ్లి ఓపీ దగ్గర పది నిమిషాలు కూర్చోండి. రోగులే లేకపోతే మీ అమ్మాయి ఇంజెక్షన్ ఎవరికి చేసి నేర్చుకుంటుంది? కాన్పుల వార్డు నడుస్తోందా, ఐసీయూలో వెంటిలేటర్ మీద ఎవరైనా ఉన్నారా అడగండి. చూసి నేర్చుకోని పిల్లని పెద్ద ఆసుపత్రి ఇంటర్వ్యూలో రెండు నిమిషాల్లో పట్టేస్తారు. అక్కడ తప్పితే ఆ పిల్ల చిన్న నర్సింగ్ హోముల్లో తక్కువ జీతానికే మిగిలిపోతుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది కదా, ఇంక బాధేంటి?

కన్వీనర్ కోటాలో వచ్చి, కుటుంబ ఆదాయం పరిమితి లోపల ఉండి, హాజరు 75 శాతం ఉంటే వస్తుంది. మేనేజ్‌మెంట్ కోటా సీటుకి రాదు. "మేనేజ్‌మెంట్ సీటే, కానీ రీయింబర్స్‌మెంట్ మేం చూసుకుంటాం" అని ఎవరైనా అంటే అక్కడ్నుంచి లేచి వచ్చేయండి.

వస్తుందన్న డబ్బు ఎప్పుడొస్తుందనేది వేరే కథ. బకాయిలు పేరుకుపోవడం రెండు రాష్ట్రాల్లోనూ, ఏ ప్రభుత్వమున్నా చూస్తూనే ఉన్నాం. ప్రభుత్వం కాలేజీకి ఇవ్వకపోతే కాలేజీ పిల్లల మీద పడుతుంది: హాల్ టికెట్ ఇవ్వం, టీసీ ఇవ్వం, ముందు మీరు కట్టండి, డబ్బొచ్చాక వెనక్కిస్తాం. ఆ కట్టిన డబ్బుకి రసీదు లేకపోతే వెనక్కి రాదు. పది రూపాయలు కట్టినా రసీదు తీసుకోండి, ఫోటో తీసి ఇంట్లోవాళ్లకి వాట్సాప్‌లో పెట్టండి. చదువయ్యాక బకాయి పేరుతో సర్టిఫికెట్లు పట్టుకుంటే, అలా పట్టుకునే హక్కు కాలేజీకి లేదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కి, కలెక్టరేట్ ప్రజావాణికి రాతపూర్వకంగా ఇస్తే చాలాసార్లు కోర్టుదాకా వెళ్లక్కర్లేకుండానే ఇచ్చేస్తారు.

బెంగళూరులో తక్కువకే సీటు ఇప్పిస్తామని ఏజెంటు అంటున్నాడు.

ఆ ఏజెంటుకి కాలేజీ నుంచి తలకింత అని కమీషన్ ముడుతుంది. అందులో తప్పేం లేదు, కానీ అతని సలహా మీ మేలు కోసం కాదని గుర్తుంచుకోండి. "కాలేజీకి రాకపోయినా పర్లేదు, పరీక్షలకొస్తే చాలు" అన్నాడంటే మాత్రం ఒప్పుకోవద్దు. రేపు ఆ సర్టిఫికెట్ పట్టుకుని ఐసీయూలో నిలబడేది మీ పిల్లే. బెంగళూరులో మంచి కాలేజీలు లేవని కాదు. కర్ణాటక కౌన్సిల్‌లో రిజిస్టరైనా తెలంగాణకో ఆంధ్రకో మార్చుకోవచ్చు. కానీ మన రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్ అక్కడి ప్రైవేటు సీటుకి దొరుకుతుందని ఏజెంటు చెప్పిన మాట నమ్మి బయల్దేరకండి.

ఎడ్యుకేషన్ లోన్ తీసుకోవచ్చా? నెలకి ఎంత కట్టాలి?

నాలుగు లక్షల వరకు బ్యాంకులు మామూలుగా హామీ, తాకట్టు అడగవు. ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి చూపించాలి. చదువయ్యాక ఇంకో ఏడాది వరకు కిస్తీ ఉండదు. ఇక్కడే చాలామంది మోసపోతారు. కిస్తీ ఉండదు కానీ వడ్డీ మాత్రం పడుతూనే ఉంటుంది.

లెక్క చూడండి. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్లు తీసుకున్నారు, వడ్డీ పదిన్నర శాతం అనుకుందాం. మొదటి లక్షకి ఐదేళ్ల వడ్డీ, రెండో లక్షకి నాలుగేళ్లు, మూడోదానికి మూడు, నాలుగోదానికి రెండు. మామూలు వడ్డీ లెక్కేసినా లక్షా 47 వేలు. కట్టడం మొదలుపెట్టే రోజుకి మీ అప్పు నాలుగు లక్షలు కాదు, ఐదు లక్షల 47 వేలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకి సుమారు 7,380. అదే చదువుతున్నన్నాళ్లూ వడ్డీ ఎప్పటికప్పుడు కట్టుకుంటూ పోతే కిస్తీ 5,400 దగ్గర ఆగుతుంది. మొదటి ఏడాది నెలకి తొమ్మిది వందల లోపే పడుతుంది, కూలికెళ్లే ఇంటికి అదీ భారమే, కానీ కట్టగలిగితే కట్టండి.

వడ్డీ రాయితీ పథకాలున్నాయి. 2024 నవంబరులో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి దేశంలోని పై వరస విద్యాసంస్థలకే వర్తిస్తుంది. మన జిల్లా కేంద్రంలోని ప్రైవేటు నర్సింగ్ కాలేజీ ఆ జాబితాలో ఉండటం కష్టం. చేరకముందే బ్యాంకు మేనేజర్‌ని అడగండి.

లోన్ కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు. అంటే ఏడాదికి 36 శాతం. నర్సు జీతం మీద ఆ అప్పు తీరదు.

చదువయ్యాక ప్రైవేటులో ఎంతొస్తుంది? చేతికి ఎంత?

ఊరిని బట్టి, ఆసుపత్రిని బట్టి మారుతుంది. అంకె కంటే, ఆఫర్ లెటర్‌లో అంకె చేతికొచ్చేసరికి ఏమవుతుందో చెప్తాను. నా దగ్గర చదువుకున్న ఒక పిల్ల తెచ్చి చూపించిన కాగితం లాంటిదే ఇది.

సీటీసీ, అంటే మన మీద ఆసుపత్రి పెట్టే మొత్తం ఖర్చు: నెలకి 17,960. అమ్మాయి ఇంటికి ఫోన్ చేసి "పద్దెనిమిది వేలు" అని చెప్పింది. అందులో యాజమాన్యం కట్టే పీఎఫ్ 1,440, ఈఎస్ఐ 520 కూడా కలిసి ఉన్నాయి. అవి తీసేస్తే అసలు జీతం 16,000: బేసిక్ పది వేలు, హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం) నాలుగు వేలు, స్పెషల్ అలవెన్స్ రెండు వేలు. ఇందులోంచి పిల్ల వాటా పీఎఫ్ 1,440, ఈఎస్ఐ 120, వృత్తి పన్ను 150, హాస్టల్‌కి 2,500. చేతికి 11,790. పైన చెప్పిన లోన్ కిస్తీ కట్టాక మిగిలేది 4,410. ఇందులోంచే తిండి, ఫోన్ రీఛార్జి, పండక్కి ఊరికి బస్సు.

పీఎఫ్ కోసినందుకు బాధపడొద్దు, అది మన డబ్బే. చూడాల్సింది వేరేవి. రెండు వాటాలూ జీతంలోంచే కోస్తున్నారా? అలా కోయడం చట్టవిరుద్ధం. పీఎఫ్ తగ్గించుకోవడానికి బేసిక్‌ని ఐదారు వేలకి కుదించి మిగతాదంతా అలవెన్సులుగా రాశారా? అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్స్ మీదా పీఎఫ్ కట్టాలని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలోనే చెప్పింది. కోసిన డబ్బు ఖాతాలో పడుతోందో లేదో యూఏఎన్ (మన పీఎఫ్ గుర్తింపు) నంబరుతో ఉమంగ్ యాప్‌లో నెలనెలా చూసుకోండి. ఒక ఆసుపత్రిలో పద్నాలుగు నెలలు నా జీతంలో కోసి, ఏడు నెలలే కట్టారు. నాకా సంగతి మానేసిన మూడేళ్లకి తెలిసింది.

ఇంకోటి, "బ్రేకేజ్" కోత. నైట్ డ్యూటీ అయ్యాక హ్యాండోవర్‌లో క్రాష్ కార్ట్ (ఎమర్జెన్సీ మందులు, పరికరాల బండి) లెక్కపెడితే గ్లూకోమీటర్ ఒకటి తక్కువొచ్చింది. ఎవరు తీశారో తెలియదు. ఆ షిఫ్టులో ఉన్న నలుగురి జీతంలోంచి సమానంగా కోసేశారు. చట్టం ప్రకారం, పోయింది మన నిర్లక్ష్యం వల్లే అని తేలాలి, కోసేముందు మన వివరణ అడగాలి. అడగకుండా కోయడానికి వీల్లేదు.

సుప్రీంకోర్టు నర్సులకి కనీసం 20 వేలు ఇవ్వమంది కదా?

పూర్తిగా అలా కాదు. నర్సుల సంఘం టీఎన్‌ఏఐ వేసిన కేసులో 2016 జనవరి 29న సుప్రీంకోర్టు, ప్రైవేటు నర్సుల పరిస్థితి మీద కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కమిటీ పడకల లెక్కన చెప్పింది: 200 పడకలు దాటిన ఆసుపత్రిలో రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి. 100 దాటితే దానికంటే పది శాతానికి మించి తగ్గకూడదు. 50 నుంచి 100 మధ్య ఉంటే 25 శాతానికి మించి తగ్గకూడదు. 50 లోపు ఉన్నా 20 వేలకి తగ్గకూడదు. జీతమే కాదు, సెలవులు, పని గంటలు, రవాణా, వసతి కూడా ప్రభుత్వ నర్సులతో సమానంగా ఉండాలంది.

అయితే ఇది సిఫారసు. చట్టమో, ఉత్తర్వో చేసి అమలుచేసే పని రాష్ట్రాలకి వదిలారు. అందుకే ఆ పేజీ ప్రింటు తీసుకుని హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్తే నవ్వి పంపేస్తారు. నేను వెళ్లాను, నవ్వారు.

మరి కేరళలో ఎలా సాధించారు?

అడిగారు, గట్టిగా, అందరూ కలిసి. 2017లో యునైటెడ్ నర్సెస్ అసోసియేషన్ సమ్మెకి దిగింది. ప్రభుత్వం మాటిచ్చింది, ఆలస్యం చేసింది, నర్సులు మళ్లీ రోడ్డెక్కుతామన్నారు. చివరికి 2018 ఏప్రిల్ 23న కనీస వేతనాల చట్టం కింద నోటిఫికేషన్ వచ్చింది, 20 వేలు మొదటి మెట్టు. యాజమాన్యాలు కోర్టుకి వెళ్లాయి కూడా.

మన దగ్గర ఆ పని ఎందుకు కాలేదంటే నాకు తోచిన కారణం ఒకటుంది. కేరళ నర్సుకి గల్ఫ్‌లో ఉన్న అక్క ఉంది, పిన్ని ఉంది, ఇక్కడ కాకపోతే అక్కడికి పోతానన్న ధీమా ఉంది. మన పిల్ల అప్పుతో చదువుకుని, అనుభవం సర్టిఫికెట్ కోసం అదే ఆసుపత్రి మీద ఆధారపడి, ఒరిజినల్స్ వాళ్ల బీరువాలో పెట్టి పనిచేస్తుంది. గొంతెత్తేది ఎట్లా? తక్కువ జీతానికి కారణం నర్సులు ఎక్కువైపోయారని ఆసుపత్రులు అంటాయి. పదిమంది రోగులకి ఒక్క నర్సుతో ఐసీయూ పక్క వార్డు నడిపే చోట, నర్సులు ఎక్కువైపోయారని ఎవరంటారు? బోధనాసుపత్రుల జనరల్ వార్డులో ముగ్గురు రోగులకి ఒక నర్సు, మామూలు ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క.

సర్టిఫికెట్లు ఇచ్చి బాండ్ రాయమంటున్నారు. రాయాలా?

నా మొదటి ఉద్యోగంలో ఒరిజినల్స్ తీసుకున్నారు, "సేఫ్ కస్టడీ" అన్నారు. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, జీఎన్‌ఎం సర్టిఫికెట్, కౌన్సిల్ రిజిస్ట్రేషన్, అన్నీ ఆకుపచ్చ ఫైల్లో పెట్టి స్టీలు బీరువాలో వేశారు. ఏడాది బాండ్. ఎనిమిదో నెలలో ఇంకో ఆసుపత్రి నాలుగు వేలు ఎక్కువ ఇస్తానంది. రాజీనామా ఇస్తే రెండు నెలల జీతం కట్టి తీసుకెళ్లమన్నారు. మా నాన్న యాదగిరిగుట్ట దగ్గర్నుంచి బస్సులో డబ్బు పట్టుకొచ్చాడు. రిసెప్షన్ కౌంటర్‌లో ఉన్నామె నోట్లు లెక్కపెట్టుకుని బీరువా తెరిస్తే చూశాను: వందకి పైగా ఆకుపచ్చ ఫైళ్లు. మా వార్డు, పక్క వార్డు, పై అంతస్తు, అందరి బతుకులూ ఆ అరల్లో ఉన్నాయి. అందరికీ ఒకే జీతం ఎందుకో ఆ రోజు అర్థమైంది.

బాండ్ అనే కాగితానికి చట్టంలో అంత బలం లేదు. నష్టపరిహారం కింద కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు సబబనుకున్న మొత్తమే ఇప్పించగలదు, రాసినంతా కాదు. నిజంగా ఖర్చుపెట్టి ఏదైనా ప్రత్యేక శిక్షణ ఇప్పించి ఉంటే కొంత అడగొచ్చు. రోజూ వార్డులో చేయించుకున్న పనికి "ట్రైనింగ్ ఖర్చు" అని పేరు పెడితే చెల్లదు. ఒరిజినల్స్ బలవంతంగా పట్టుకునే హక్కయితే అసలు లేదు. ఇవ్వకపోతే ముందు రిజిస్టర్డ్ పోస్టులో లెటర్ పంపండి, రసీదు దాచండి. తర్వాత లేబర్ ఆఫీసు, కావాలంటే పోలీస్ స్టేషన్.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం ఉద్యోగంలో చేర్చుకున్నప్పుడు నియామక పత్రం ఇవ్వాలి, మానేస్తే రెండు పనిదినాల్లో రావలసిన జీతం లెక్క తేల్చి ఇవ్వాలి. "నలభై ఐదు రోజులకి రా" అనడం పాత అలవాటు.

డబుల్ డ్యూటీకి డబ్బులిస్తారా?

ఇవ్వాలి. ఓవర్‌టైంకి మామూలు రేటుకి రెట్టింపు అని చట్టం. చాలాచోట్ల ఇచ్చేది "కాంప్ ఆఫ్", అంటే ఇంకోరోజు సెలవు. ఆ సెలవు అడిగితే స్టాఫ్ లేరంటారు. చిన్న నోట్‌బుక్‌లో తేదీ, షిఫ్టు, ఎవరు ఆపమన్నారో రాసుకోండి. ఇన్‌ఛార్జి సిస్టర్‌ని తిట్టకండి, ఆమె మీద కూడా పైవాళ్లుంటారు.

ప్రభుత్వ ఉద్యోగం వస్తే ఎంత?

కేంద్ర సంస్థల్లో నర్సింగ్ ఆఫీసర్ మొదటి బేసిక్ 44,900. ఎయిమ్స్‌లన్నిటికీ నార్సెట్ అనే ఒకే పరీక్ష. తెలంగాణలో 2022 డిసెంబరులో మెడికల్ బోర్డు 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు స్కేలు 36,750 నుంచి 1,06,990. దానిమీద డీఏ, హెచ్‌ఆర్‌ఏ. పైన చూపించిన 11,790 పక్కన పెట్టి చూడండి. ఒకే చదువు, ఒకే ఇంజెక్షన్.

అందుకే లక్షల మంది పరీక్ష రాస్తారు, ఏళ్ల తరబడి చదువుతారు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. కాబట్టి "గవర్నమెంట్ జాబ్ వస్తుందిలే" అన్న లెక్క మీద అప్పు చేయొద్దు. వస్తే సంతోషం.

కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్‌లో చేరడం మంచిదేనా?

తెలంగాణ నియామకంలో 80 మార్కులు పరీక్షకి, 20 మార్కులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సర్వీసుకి ఇచ్చారు. గిరిజన ప్రాంతంలో చేసినవాళ్లకి ఇంకాస్త ఎక్కువ. అంటే భద్రాచలమో ఉట్నూరో వెళ్లి చేసిన పనికి విలువ ఉంది. సర్వీస్ సర్టిఫికెట్ మాత్రం అధికారి సంతకంతో, తేదీలతో తీసుకోండి. అది లేక మార్కులు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

రెగ్యులర్ ఉద్యోగి చేసే పనే చేసే తాత్కాలిక ఉద్యోగికి సమాన వేతనం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2016 అక్టోబరులో పంజాబ్ కేసులో తీర్పిచ్చింది. ఏజెన్సీ ద్వారా తీసుకున్నామని చెప్పి ప్రభుత్వాలు దాన్ని తప్పించుకుంటూ ఉంటాయి.

బీఎస్సీ చేసినవాళ్లకి విలేజ్ క్లినిక్కులు, పల్లె దవాఖానాల్లో ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) పోస్టులున్నాయి. కేంద్ర మార్గదర్శకాల్లో నెలకి 25 వేలు, పనితీరుని బట్టి మరో 15 వేల వరకు అని ఉంది. ఆ రెండోది సమయానికి పడుతుందనుకుని కిస్తీలు పెట్టుకోకండి.

గల్ఫ్‌కి, లండన్‌కి వెళ్తే అప్పు తీరిపోతుందా?

తీర్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ వెళ్లడానికి కొత్త అప్పు చేస్తే మళ్లీ మొదటికొస్తుంది. 2015లో కొచ్చిలో ఒక ఏజెన్సీ కువైట్ వెళ్లే నర్సుల దగ్గర 19,500 తీసుకోవాల్సిన చోట పంతొమ్మిదిన్నర లక్షలు వసూలు చేసిందని సీబీఐ కేసు పెట్టింది. అదే ఏడాది గల్ఫ్ సహా 18 దేశాలకి నర్సుల్ని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని కేంద్రం నిబంధన తెచ్చింది. మనకి తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్. లైసెన్సున్న ఏజెంటు కూడా 30 వేలు, దానిమీద జీఎస్టీ, మొత్తం 35,400 కంటే ఎక్కువ తీసుకోకూడదు.

గల్ఫ్‌కి డేటాఫ్లో అనే సర్టిఫికెట్ల తనిఖీ, ఆ దేశం పరీక్ష. ఇంగ్లండ్‌కి ఐఈఎల్‌టీఎస్ లేదా ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్ష, తర్వాత కంప్యూటర్ మీద రాసే సీబీటీ, అక్కడికెళ్లాక ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష. 2025-26లో అక్కడ ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ)లో బ్యాండ్ 5, అంటే మొదటి మెట్టు నర్సుకి ఏడాదికి 31,049 పౌండ్లు మొదలు, అందులో ఇంటద్దెకే పెద్ద భాగం పోతుంది. జర్మనీకి భాష బీ2 వరకు రావాలి. ఏడాది పైగా కూర్చుని నేర్చుకోవాలి. అమెరికాకి ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష హైదరాబాద్‌లోనే రాయొచ్చు, పాసైనా గ్రీన్‌కార్డు వరస కష్టం. మనవాళ్లకి అది ఏళ్ల తరబడి సాగుతుంది.

గల్ఫ్ ఉద్యోగాలకి ఎక్కువగా రెండేళ్ల అనుభవం అడుగుతారు. డేటాఫ్లో వాళ్లు మీ పాత ఆసుపత్రికి మెయిల్ పెట్టి నిజమేనా అని అడుగుతారు. కాబట్టి గొడవపడి మధ్యలో వదిలేసిన ఆసుపత్రి అయినా సరే, రిలీవింగ్ లెటర్ తీసుకునే బయటికి రండి.

మగపిల్లలు చేరొచ్చా?

చేరొచ్చు. ఎయిమ్స్ నర్సింగ్ పోస్టుల్లో 80:20 లెక్కన మగవాళ్లకి 20 శాతమే ఉంటాయి. ప్రైవేటులో క్యాత్ ల్యాబ్ (గుండె రక్తనాళాల పరీక్షలు, స్టెంట్లు వేసే చోటు), డయాలసిస్, ఎమర్జెన్సీలో మగ నర్సులని అడిగి మరీ తీసుకుంటారు.

ఉన్న చోటే జీతం పెంచమని ఎలా అడగాలి?

ఒక్కరే వెళ్లకండి, వార్డు మొత్తం సంతకాలు పెట్టి వెళ్లండి. ఒక్కరే వెళ్తే ఆ ఒక్కరికీ నైట్ డ్యూటీలు పడతాయి. అడిగేది అంకెగా అడగండి: "జీతం తక్కువ సార్" అంటే "చూద్దాం" అంటారు. "ఐసీయూ అలవెన్స్ రెండు వేలు, నైట్‌కి 150" అంటే అవుననో కాదనో చెప్పాలి. ఆసుపత్రి నాణ్యతకిచ్చే నాబ్ (ఎన్‌ఏబీహెచ్) గుర్తింపు తనిఖీకి ముందు నెల అడగడానికి మంచి సమయం. అప్పుడు ఒక్క నర్సు మానేసినా వాళ్లకి టెన్షనే.

రేపు ఇంటర్వ్యూ. ఏం పట్టుకెళ్లాలి?

గెజిటెడ్ అధికారి సంతకం చేసిన జిరాక్సులు రెండు సెట్లు, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు, ఫోటోలు. ఒరిజినల్స్ కూడా తీసుకెళ్లండి, టేబుల్ మీద పెట్టి చూపించండి, వాళ్లు చూసుకున్నాక అన్నీ లెక్కపెట్టుకుని మళ్లీ సంచీలో పెట్టుకోండి. "ఇక్కడ వదిలి వెళ్లమ్మా, చేరే రోజు తీసుకుందువు" అంటే, మీ నాన్న బయట ఉన్నాడని, చూపించి తెమ్మన్నాడని చెప్పండి.